వెన్లాఫాక్సిన్ తగ్గించాక తలలో షాక్ కొట్టినట్టు ఉంటోంది

రెండేళ్లు వెన్లాఫాక్సిన్ ఎక్స్‌ఆర్ (డిప్రెషన్ మందు, క్యాప్సూల్ నుంచి మెల్లగా విడుదలయ్యే రకం) 75 ఎం.జి. వాడాను. డాక్టర్ చెప్పాకే 37.5కి తగ్గించాను, ఇవాళ్టికి 19 రోజులు. మూడో రోజు నుంచి మొదలైంది. తల తిప్పక్కర్లేదు, కళ్లు పక్కకి తిప్పితే చాలు, లోపల కరెంట్ షాక్ కొట్టినట్టు జుయ్‌మంటుంది. ఆ క్షణం కాళ్ల కింద నేల కదిలినట్టు తూలుతాను. సాయంత్రాలు మరీ ఎక్కువ. క్యాప్సూల్ రెండు గంటలు ఆలస్యమైతే చెమటలు, వికారం కూడా (ఈ మందు ఒంట్లోంచి త్వరగా పోతుంది, అందుకే కాబోలు). మనసు మాత్రం బాగానే ఉంది, పాత డిప్రెషన్ తిరగబెట్టినట్టు లేదు.

రోజూ సరిగ్గా ఉదయం 8కి వేసుకుంటున్నాను, కాఫీ మానేశాను, తొందరగా పడుకుంటున్నాను. వికారం తగ్గింది, షాకులు తగ్గలేదు. వచ్చే వారం డాక్టర్‌ని కలవాలి. ఈలోగా నా అంతట నేను డోసు మార్చను.

ఇలాగే 75 నుంచి 37.5కి దిగినవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు ఈ షాకులు ఎన్నాళ్లకి తగ్గాయి?