హైస్కూల్ లైబ్రరీ గదిని సగం చేసి స్టూడియో కట్టాలా?

పెన్నాగట్టు:
ఆత్మకూరు వైపు ఒక జడ్పీ హైస్కూలుకు పాత విద్యార్థులు 3 లక్షలు పోగేశారు. పిల్లలు 520 మంది, గదులు 16. లైబ్రరీకి 40×20 అడుగుల గది ఉంది. పుస్తకాలు రెండు వేల దాకా ఉన్నా చాలావరకు బీరువాల్లో తాళం కిందే. కమిటీ ముందున్న ప్రతిపాదన ఇది: గది మధ్యలో అల్యూమినియం, అద్దాల పార్టిషన్ కొట్టి, ఒక సగంలో ఏసీతో స్టూడియో పెట్టడం. పిల్లలు రోజూ వార్తలు చదువుతారు, యూట్యూబ్ చానెల్ నడుపుతారు. ఇంకో పక్షం డబ్బంతా పుస్తకాలకే అంటోంది. నా మొగ్గు స్టూడియో వైపు. నలుగురికీ వినిపించాలని తెలిస్తే పిల్లాడు ముందు తాను శ్రద్ధగా చదువుతాడు. అభిప్రాయాలు చెప్పండి.

బారుమైకు:
పార్టిషన్ ఆలోచన అక్కడే ఆపండి సార్. శబ్దాన్ని ఆపేది బరువు, సందు లేకపోవడం. 5 ఎంఎం అద్దం, కింద అరంగుళం సందు ఉన్న అల్యూమినియం తలుపు మాటల్ని ఆపవు. పైగా టైల్స్ నేల, అద్దం, సున్నం గోడ మధ్య గొంతు టపటపా కొట్టుకుని రికార్డింగ్ డబ్బాలో మాట్లాడినట్టు వస్తుంది. అది పోవాలని గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు (మధ్యాహ్న భోజనం పుణ్యాన ఊరికే దొరుకుతాయి కదా). వాటితో మాట స్పష్టత పెద్దగా మారదు, నిప్పు మాత్రం సులువుగా అంటుకుంటుంది.

ఆ గదిలో శబ్దాన్ని చెదరగొట్టేవి ఇప్పటికే ఉన్నాయి: పుస్తకాలు. రెండు ర్యాకులు ఎల్ ఆకారంలో పెట్టి, మూలన ఒక బల్ల, బల్ల మీద మందపాటి గుడ్డ, నేల మీద కొబ్బరి పీచు చాప, మాట్లాడేవాళ్ల వెనక ఒక దుప్పటి. వార్తలకు అంతకు మించి గది అక్కర్లేదు. ఏసీ అసలే వద్దు. రికార్డింగ్ ఐదు నిమిషాలే, అంతసేపు ఫ్యాన్ ఆపితే సరి.

మైకు కండెన్సర్ కొనకండి. అది ఫ్యాన్‌నీ, బయట ఆటోనీ, పక్క క్లాసు ఎక్కాలనీ పట్టేస్తుంది. డైనమిక్ కార్డియాయిడ్ (ముందు నుంచి వచ్చే గొంతునే ఎక్కువగా పట్టే) మైకు తీసుకుని నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కగా పెట్టండి. నేరుగా పెడితే 'ప', 'భ' దగ్గర గాలి కొడుతుంది.

రిజిస్టరు:
స్టూడియో గొడవ సరే గానీ, రెండు వేల పుస్తకాలు తాళం కింద ఎందుకున్నాయో ఎవరూ అడగట్లేదే. పుస్తకం పోతే ఆడిట్‌లో రికవరీ (దాని ఖరీదు మాస్టారి దగ్గరే వసూలు) రాస్తారన్న భయం. కొత్తగా లక్ష రూపాయల పుస్తకాలు కొన్నా అదే బీరువాలోకి పోతాయి.

దీనికి దారి ఉంది. కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం గ్రంథాలయ పుస్తకాల గురించే. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమే అంటుంది. మోసమో నిర్లక్ష్యమో కారణం కాకూడదు. 1,000 రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఇది కేంద్ర నియమం, జడ్పీ బడికి తనంతట తాను వర్తించదు. అయినా కమిటీ ఇదే లెక్కన తీర్మానం రాసి హెచ్‌ఎం సంతకంతో ఉంచుకుంటే లైబ్రరీ చూసే మాస్టారికి కొంత ధైర్యం వస్తుంది.

ఇక పని వరస. బీరువా తలుపులు తీసేయండి. ర్యాకు ఎత్తు ఆరో తరగతి పిల్లకు అందేలా ఐదడుగులు మించకూడదు. నేల నుంచి అర అడుగు, గోడ నుంచి అర అడుగు ఎడం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు మనకు మామూలే. గోడ చెమ్మ పడితే వెనక వరస బూజు పడుతుంది, చెద కూడా గోడ వెంటే ఎక్కుతుంది. కలరా ఉండలు చెదను ఆపవు, పైగా పిల్లలు కూర్చునే మూసిన గదిలో అవి ఉండకూడదు. చెద మందు కొట్టించేది వేసవి సెలవుల్లోనే.

చీమకుర్తిరాయి:
బారుమైకు గారూ, రికార్డింగ్ సంగతి చెప్పారు, అది క్లాసుల్లో వినపడేదెట్టా? అంత వైరింగ్ ఎందుకు, చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, గదికో రేడియో పెడితే అయిపోదా? ఒంగోలు వైపు బడుల్లో కూడా ఈ మాట వస్తోంది.

బారుమైకు:
అది చేయకండి అన్నా. లైసెన్సు లేకుండా ఎఫ్ఎం ప్రసారం నేరం. కమ్యూనిటీ రేడియో లైసెన్సు విద్యాసంస్థలకు ఇస్తారు గానీ, ఆ దరఖాస్తులూ, అనుమతులూ ఒక హైస్కూలు మోసే బరువు కాదు.

వైరింగే మేలు, కాకపోతే 100 వోల్టుల లైను మీద వేయాలి (ఆంప్లిఫయరు ఎక్కువ వోల్టేజీతో పంపుతుంది, ప్రతి స్పీకరు దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తుంది). 16 గదుల్లో 6 వాట్ల ట్యాప్ (స్పీకరు ఎంత శక్తి తీసుకోవాలో ఎంచుకునే కనెక్షన్) మీద ఒక్కో గోడ స్పీకరు: 96 వాట్లు. ఆంప్లిఫయరు 120 వాట్లు. స్పీకర్ల మొత్తం ఆంప్లిఫయరులో 80 శాతం దాటకూడదన్న లెక్కకు సరిగ్గా సరిపోయింది. గ్రౌండులో హారన్ కూడా కావాలంటే దానికి వేరే జోన్ స్విచ్ పెట్టండి; క్లాసులూ హారనూ ఒకేసారి వేస్తే ఆంప్లిఫయరు వేడెక్కి ఆగిపోతుంది.

మామూలుగా జరిగే తప్పు ఏంటంటే, పెళ్లి పందిళ్ల సౌండ్ వాళ్లు 8 ఓమ్‌ల స్పీకర్లు తెచ్చి పారలల్‌గా కలుపుతారు. నాలుగు కలిపేసరికి 2 ఓమ్‌లకు పడి, ఆ భారం తట్టుకోలేక ఆంప్లిఫయరు ఔట్‌పుట్ కాలిపోతుంది. దూరం కూడా దెబ్బే. 1.5 చదరపు ఎంఎం రాగి వైరు 150 మీటర్లు పోతే, రానూ పోనూ కలిపి సుమారు 3.6 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకరైతే మూడో వంతు శక్తి వైరులోనే పోతుంది. 100 వోల్టుల లైనులో పోయేది నాలుగు శాతం లోపే. ఈ వైరును కరెంటు వైరున్న పైపులోనే లాగొద్దు, అడుగు ఎడం ఉంచండి. లేకపోతే గుయ్యిమని హమ్ వస్తుంది. ఎర్త్ గుంత ఏప్రిల్, మేలో ఎండిపోతుంది, నీళ్లు పోయించండి.

లైబ్రరీలో ఉండే స్పీకరుకు విడిగా ఆపే స్విచ్ తప్పనిసరి. లైవ్‌లో మైకూ స్పీకరూ ఒకే గదిలో ఉంటే కూత ఖాయం.

పెన్నాగట్టు:
పార్టిషన్, ఏసీ వదిలేస్తా. వీడియో మాత్రం వదలను. ఈ కాలం పిల్లలకు కెమెరా ముందు మాట్లాడటం రావాలి. మరీ పాతకాలం ఆకాశవాణి దగ్గరే ఆగిపోతే ఎట్టా?

ఆరోతరగతి:
కెమెరాతో ముందు వచ్చే చిక్కులు వేరేవి. పిల్లల మొహాలు, పేర్లు, బడి పేరు కలిపి యూట్యూబ్‌లో పెట్టడం చిన్న విషయం కాదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 లెక్కన 18 ఏళ్ల లోపు వాళ్లందరూ పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. రెండోది పాటలు. బడిలో పిల్లలూ టీచర్లూ తమవాళ్ల ముందు పాడుకుంటే కాపీరైట్ చట్టం 1957లో 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అదే సినిమా పాట వెనక వేసి యూట్యూబ్‌కు ఎక్కిస్తే ఆ మినహాయింపు మీకు రాదు.

ఆడియోకు ఈ తలనొప్పులు తక్కువ. మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3 అయితే ఐదు నిమిషాలు రెండున్నర ఎంబీ లోపే, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు సులువుగా పోతుంది. ఎడిటింగుకు ఆడాసిటీ ఉచితం. నిమిషానికి వంద పదాల చొప్పున ఐదు నిమిషాలకు 500 పదాలు రాయాలి. ఆ 500 పదాలు ఎక్కడి నుంచి వస్తాయి? లైబ్రరీ నుంచే. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటులో క్రియేటివ్ కామన్స్ (అందరూ వాడుకోనిచ్చే లైసెన్సు) కింద తెలుగు కథలున్నాయి, రచయిత పేరు చెప్పి చదువుకోవచ్చు.

రిజిస్టరు:
ఇదే నా మాట కూడా. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచి నడుస్తోంది. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమానికి అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠం ఊతమిచ్చింది. ముందు చదువు, తర్వాతే మైకు.

పంపకం నా లెక్కలో: లక్షన్నర పుస్తకాలకు, అరవై వేలు ర్యాకులకు, మిగతాది మైకు, ఆంప్లిఫయరు, వైరింగుకు. కొటేషన్లు మూడు చోట్ల తీసుకోండి. పుస్తకాలు ఒకేసారి కొనొద్దు. మూడు విడతలుగా, ముందటి విడతలో పిల్లలు ఏవి ఎక్కువ తీసుకెళ్లి చదివారో ఇష్యూ రిజిస్టరు చూసి కొనండి.

చీమకుర్తిరాయి:
లక్షన్నర ఎక్కువ. ఉన్న రెండు వేలే ఎవరూ చదవలేదంటుంటే ఇంకా కొనడమెందుకు? ముందు తాళాలు తీసి ఒక టర్మ్ చూడండి, అప్పుడు కొనండి. డ్యూయీ నంబర్లు (లైబ్రరీల్లో విషయాన్ని బట్టి వేసే నంబర్లు) వేసే పని కూడా వద్దు, రెండు వేల పుస్తకాలకు ఐదు రంగుల స్టిక్కర్లు చాలు.

రిజిస్టరు:
స్టిక్కర్లు ఒప్పుకుంటా. యాక్సెషన్ నంబరు (స్టాక్ రిజిస్టరులో ఆ పుస్తకానికిచ్చే వరస నంబరు) మాత్రం ప్రతి పుస్తకానికీ టైటిల్ పేజీ మీద, లోపల బడివాళ్లకే తెలిసిన ఇంకో పేజీ మీద ఉండాల్సిందే. స్టిక్కరు ఊడిపోతుంది, మొదటి పేజీ చింపేస్తారు. టర్మ్ ఆగి కొనడం మీద నాకు అభ్యంతరముంది. బీరువాల్లో ఉన్నవాటిలో పాత గైడ్లు, సిలబస్ మారిన పాఠ్యపుస్తకాలు ఎన్నో ముందు లెక్క తేల్చండి. సగం అవే అయితే తాళాలు తీసినా పిల్లలు రారు, అప్పుడు 'చూశారా, చదవరు' అంటారు.

బారుమైకు:
ఎవరు గెలిచినా ఒక్క పని వరస మార్చకండి. జూన్‌లో బడి తెరిచే లోపు ముందు చెద మందు, తర్వాత స్పీకరు వైర్ల పైపులు, ఆ తర్వాతే సున్నం, ఆఖరున ర్యాకులు. ర్యాకులు బిగించాక గోడ తవ్వాల్సి వస్తే పుస్తకాలన్నీ మళ్లీ కిందికి దించాలి. ఖాళీ ర్యాకును గోడకు క్లాంపుతో బిగించడం మరిచిపోకండి, పిల్లలు మెట్లనుకుని ఎక్కుతారు.