మినహాయింపు, తగ్గింపు, రిబేటు: ఒక్క మాట మీద మూడు బరువులు

ప్రశ్న: పెరంబూరులోని మా తెలుగు సంఘం సభ్యులకు పంచే కరపత్రంలో ఈసారి ఆదాయపు పన్ను గురించి ఒక పుట వేయదలిచాము. "రూ. 12 లక్షల వరకు పన్ను మినహాయింపు" అని శీర్షిక పెట్టగా, అచ్చుకు ముందు చూసిన ఆడిటరు గారు "మినహాయింపు" అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి పంపారు. పత్రికలు కూడా అదే మాట వాడుతున్నాయి కదా, ఇందులో తప్పేమిటో పెద్దలు తెలియజేయగలరు.

జవాబు: ఆడిటరు గారు కొట్టేయడం సబబే. నేను నుంగంబాకంలో ఒక ఆడిటరు గారి వద్ద చాలాకాలం గుమస్తాగా పనిచేసినవాణ్ణి కనుక, ఈ మాట నమ్మి తికమకపడి వచ్చినవారిని ఎందరినో చూశాను.

ఏదైనా రాబడిని పన్ను పడే ఆదాయంలో చేర్చనే చేర్చకపోతే అది మినహాయింపు. పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం) వడ్డీ అటువంటిది. ఆదాయంలో చేర్చిన తరువాత అందులోనుంచి కొంత తీసివేయనిస్తే అది తగ్గింపు. జీతగాళ్ళకూ పింఛనుదారులకూ కొత్త విధానంలో (చాలా తగ్గింపులు వదులుకుని తక్కువ రేట్లతో పన్ను కట్టే పద్ధతిలో) దొరికే రూ. 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఈ కోవలోది. ఆదాయం జోలికి పోకుండా, కట్టవలసిన పన్ను ఎంతో తేల్చిన తరువాత ఆ పన్నులోనే కొంతో అంతో వదిలేస్తే అది రిబేటు. 12 లక్షల మాట ఈ మూడోదానికి చెందినది.

2025-26 ఆదాయానికి కొత్త విధానంలో లెక్క వేసి చూడండి. మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం చొప్పున రూ. 20,000, 8 నుంచి 12 లక్షల దాకా 10 శాతం చొప్పున రూ. 40,000, వెరసి రూ. 60,000 పన్ను పడుతుంది. పడిన ఆ పన్నునే 87ఏ సెక్షను కింద పూర్తిగా వదిలేస్తారు. చేతినుంచి పోయేది సున్నాయే గనుక మాట ఏదైతేనేమి అనిపించవచ్చు గాని, రెండు చోట్ల తేడా వస్తుంది. మొదటిది, రిటర్ను వేయాలా వద్దా అన్నది 4 లక్షల గీతను బట్టి తేలుతుంది; 12 లక్షల దాకా "మినహాయింపు" అని చదివినవారు రిటర్నే అక్కరలేదనుకుంటారు. రెండవది, ప్రత్యేక రేటు పడే ఆదాయానికి, అంటే పై అంచెల లెక్కలో కాక విడిగా పెట్టిన రేటు పడేదానికి, ఈ రిబేటు వర్తించదు. ఒకరికి పింఛనూ వడ్డీ కలిపి, తగ్గింపులు పోను, 9 లక్షలు ఉండి, స్టాక్ మార్కెట్లో కొన్న షేర్లను ఏడాది తిరగకముందే అమ్మగా 2 లక్షల లాభం వచ్చిందనుకుందాం. మొత్తం 11 లక్షలే అయినా, ఆ లాభం మీద 20 శాతం చొప్పున రూ. 40,000, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు (అదనపు సుంకం) రూ. 1,600 కట్టక తప్పదు.

విచిత్రమేమంటే, "మినహా" అన్న అరబ్బీ మాటకు "అందులోనుంచి" అని అర్థం. వ్యుత్పత్తిని బట్టి చూస్తే అది తగ్గింపుకే బాగా నప్పుతుంది. అయినా వాడుక దానిని వేరే పీట మీద కూర్చోబెట్టింది కాబట్టి ఇప్పుడు వ్యుత్పత్తి పట్టుకుని వాదించడం వల్ల ప్రయోజనం లేదు. ఇక్కడి తమిళులు మూడింటికీ విలక్కు, కళివు, తళ్ళుబడి అని మూడు మాటలు వాడుకుంటున్నారు. మనకు మూడోదానికి రిబేటు అన్న మాటే చాలు. దానికోసం సంస్కృత సమాసం ఒకటి కొత్తగా కట్టాలన్న ఉబలాటం నాకు లేదు.

మరొక సభ్యుడు: తళ్ళుబడి ప్రస్తావన వచ్చింది కనుక అడుగుతున్నాను. తమిళ పత్రికలలో మద్రాసు హైకోర్టు పిటిషన్‌ను తోసిపుచ్చినా అదే మాట వేస్తారు. మన "కొట్టివేత" కూడా ఇలాంటిదేనా?

జవాబు: అంతకంటే చిక్కైనది. "పిటిషన్ కొట్టివేత" అంటే పిటిషన్ వేసినవాడు ఓడినట్టు. "ఎఫ్ఐఆర్ కొట్టివేత" అంటే, అది కొట్టేయమని కోర్టుకు వెళ్ళినవాడు గెలిచినట్టు. "కేసు కొట్టివేత" అని మాత్రమే వేస్తే ఎవరు గెలిచారో లోపల చదివితే గాని తెలియదు. అందుకే పిటిషన్‌కు "తోసిపుచ్చారు" అనీ, ఎఫ్ఐఆర్‌కు "రద్దు చేశారు" అనీ రాయడం మేలని నా అభిప్రాయం.

పన్ను కేసులలో ఇంకొకటి ఉంది. ట్రిబ్యునల్ ఉత్తర్వు చివరి పంక్తిని "అప్పీలు అనుమతించడమైనది" అని తెలుగు చేస్తే, అప్పీలు చేసుకోవడానికి ఇప్పుడే అనుమతి దొరికిందని చదువరి అనుకుంటాడు. నిజానికి అప్పీలుదారు గెలిచాడన్నమాట. విచారణకు తీసుకోవడాన్ని "స్వీకరించారు" అనీ, గెలుపును "అప్పీలుదారు కోరిన ఉపశమనం ఇచ్చారు" అనీ విడదీయవచ్చు. "రిమాండ్" సంగతీ అంతే: ట్రిబ్యునల్ ఒక ఫైలును మళ్ళీ పరిశీలించమని అధికారికి తిప్పి పంపిందని ఫోనులో చెబుతూ నేను ఆ మాట వాడితే, అవతల ఒక పెద్దాయన తనను జైలుకు పంపుతున్నారా అని కంగారుపడ్డారు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. "కొత్త విధానంలో రూ. 12 లక్షల వరకు రిబేటు, షేర్ల లాభాలకు వర్తించదు, రిటర్ను వేయవలసిందే" అని మార్చి ఆడిటరు గారికి తిరిగి పంపుతున్నాను.

జవాబు: "పన్నుపై రిబేటు" అని ఒక్క మాట చేర్చండి.