చారిత్రకమా, చారిత్రాత్మకమా? రాతి మీద చెక్కే ముందు తేలాలి

కాలువగట్టు (అమలాపురం దగ్గర):

మా ఊరి గ్రంథాలయం తరఫున పాత లాకుల పక్కన ఒక శిలాఫలకం పెట్టిస్తున్నాం. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని రాశాం. ఆ నీళ్లు కాలువల వెంట మా పొలాలకు ఎలా చేరాయో రాశాం. ధాన్యం పడవలు లాకుల్లోకి వచ్చి ఆగడం, వెనక తలుపులు మూయడం, నీటిమట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరవడం కూడా వదల్లేదు. చివరి వాక్యం: "ఈ చారిత్రాత్మక లాకులను కాపాడుకుందాం." కమిటీలో ఒకరు దాన్ని 'చారిత్రక' అని దిద్దారు. ఇంకొకరు మళ్లీ పాతదే రాశారు. కాగితం మీద తప్పయితే కొట్టేసుకోవచ్చు. రాతి మీద తప్పును మనవళ్లు కూడా చదువుతారు.

నా మట్టుకు రెండూ వేరు. చరిత్రకు సంబంధించినది ఏదైనా చారిత్రకం. చరిత్రలో నిలిచిపోయేంత గొప్పది చారిత్రాత్మకం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు జరిపించిన తొలి వితంతు వివాహం చారిత్రాత్మకం. ఆ రోజుల పెళ్లిఖర్చుల పద్దు ఒకటి ఎవరి అటక మీదనైనా దొరికితే అది చారిత్రక ఆధారం. రెంటికీ ఒకే మాట వాడితే ఆ తేడా పోదా?

రామచంద్రపురం తెలుగు మాస్టారు:

ముందు మాట పుట్టుక చూడండి. సమాజం నుంచి సామాజికం, ధర్మం నుంచి ధార్మికం, భూగోళం నుంచి భౌగోళికం. 'ఇక' చేరితే మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది, అంటే 'అ' ఉన్నచోట 'ఆ', 'ఊ' ఉన్నచోట 'ఔ' వస్తాయి. ఆ లెక్కన చరిత్ర 'చారిత్రికం' కావాలి, వాడుకలో చారిత్రకంగా స్థిరపడింది. 'ఆత్మక' దారి వేరు. అది సమాసం కాబట్టి మొదటి అచ్చు కదలదు. హింసాత్మకం అంటాం గాని హైంసాత్మకం అనం. ప్రయోగాత్మకం అంటాం గాని ప్రాయోగాత్మకం అనం. అలాగే 'చరిత్రాత్మకం' సాధువు, అంటే వ్యాకరణం ఒప్పుకునే రూపం. మరి 'చారిత్రాత్మకం'లో ఆ 'చా' ఎక్కడిది? చారిత్రకం తలను తెచ్చి చరిత్రాత్మకం మొండేనికి అతికించారు. సంస్కృతంలో 'చారిత్రం' ఉంది కదా అనవచ్చు. ఉంది, కాని దానికి అర్థం నడవడి, శీలం. లాకులకు శీలమేమిటి?

రూపం సంగతి అలా ఉంచండి. హింసాత్మకం అంటే హింసే స్వభావంగా గలది. చరిత్రాత్మకం అంటే చరిత్రే స్వభావంగా గలది. రాజవంశాల క్రమం చెప్పే కావ్యాన్ని అలా అనవచ్చు. 'గొప్ప' అన్న అర్థం అందులో ఏ అక్షరంలో ఉంది? ఇంగ్లీషులో హిస్టారికల్, హిస్టారిక్ అని రెండు ఉన్నాయి గనుక మనమూ రెండు సమకూర్చుకున్నాం, అంతే. హిందీవారు రెంటికీ ఐతిహాసిక్ అన్న ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటున్నారు, వారికేమీ లోటు రాలేదు.

రాజమండ్రి డెస్కు:

మాస్టారూ, ఇరవై ఏళ్లుగా వార్తలు దిద్దుతున్నాను. ఒక్క సంగతి అడగనివ్వండి. 'చారిత్రిక' కావలసింది 'చారిత్రక' అయితే వాడుక అని మన్నించారు. ఆ వాడుకే 'చారిత్రాత్మక'నూ నిలబెట్టింది. ఒకదానికి మన్నింపు, ఇంకోదానికి శిక్షా?

కాలువగట్టు గారికి నా అనుభవం చెబుతాను. 'చారిత్రక తీర్పు' అని రాస్తాం, 'చారిత్రాత్మక తీర్పు' అనీ రాస్తాం. పాఠకుడు ఏదీ తప్పుగా అర్థం చేసుకోడు. కాని 'చారిత్రాత్మక నవల' అని ఎవరైనా రాసి పంపితే చేయి దానంతట అదే కొట్టేస్తుంది. నవల చారిత్రకమే. ఆధారాలు, పరిశోధన, దృక్పథం, అన్నీ చారిత్రకాలే. అంటే తేడా ఉంది, కాని ఒక వైపు నుంచే. చారిత్రక ఎక్కడికైనా వెళ్తుంది, చారిత్రాత్మక ఘనమైన సందర్భానికే వెళ్తుంది. మా హేవలాక్ వంతెన మీద 1900 నుంచి 1997 వరకు రైళ్లు నడిచాయి. దాన్ని చారిత్రక వంతెన అంటే చాలు, వయసూ ఘనతా రెండూ వినిపిస్తాయి.

ద్రాక్షారామం చదువరి:

హిందీ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. అది మనకు పనికిరాదు. మనకు ఇతిహాసాలంటే రామాయణ భారతాలు. గోదావరి ఒడ్డునే చూడండి. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ గారు భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఆయన చెప్పిన కథ ఐతిహాసికం. ఆయనా, ఆ రాజూ చారిత్రక వ్యక్తులు. ఆయన చేసిన పని తెలుగు సాహిత్య చరిత్రకే మొదలు. ఈ మూడో దానికి మాట వెతుక్కుంటున్నాం. దానికి సమాసమే కావాలా? 'చరిత్రకెక్కిన' అన్న మన మాట లేదా? ఎక్కడం అన్న క్రియలోనే ఆ ఎత్తు ఉంది. వినగానే అందరికీ తెలుస్తుంది, వ్యాకరణం తప్పు పట్టేవారు ఎవరూ ఉండరు.

మా భీమేశ్వరాలయంలో వందలాది శాసనాలు ఉన్నాయి. అఖండదీపానికి గొర్రెలను దానం చేసిన సంగతి చెప్పేవి కూడా ఉన్నాయి. ఆ దానం ఏ రాజ్యాన్నీ మార్చలేదు, అది చరిత్రకెక్కిన ఘట్టం కాదు. కాని ఆనాటి దాతల పేర్లు, ఊళ్ల పేర్లు, దానాల పద్ధతి మనకు తెలిసింది అలాంటి రాళ్ల వల్లే. చారిత్రకం అన్న మాటను చిన్నదిగా చూడకండి. ఆ రాళ్ల ముందు నిలబడి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

రామచంద్రపురం తెలుగు మాస్టారు:

డెస్కు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. చారిత్రకంలో 'త్రి' మీది గుడి పోయి 'త్ర' అయింది, అర్థం చెక్కుచెదరలేదు. చారిత్రాత్మకంలో రూపమూ చెడింది, లేని అర్థమూ వచ్చి కూర్చుంది. నా పట్టింపు ఆ రెండో దాని గురించే. అయినా మీరు చెప్పిన నవల ఉదాహరణ నన్ను ఆలోచనలో పడేసింది. జనం ఆ తేడాను నిజంగానే పాటిస్తున్నారన్నమాట. నా తరగతిలో మాత్రం ఇప్పటికీ దిద్దుతాను.

కాలువగట్టు:

ద్రాక్షారామం వారి మాటలు రెండుసార్లు చదివాను. లాకుల గురించి పెద్ద మాట పెడితే జనం ఆగి చూస్తారనుకున్నాను. కాని మా లాకుల విలువ ఒక రోజు జరిగిన ఘటనలో లేదు. తరాల పాటు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండటంలో ఉంది. ఇవాళ కమిటీ ముందు ఇలా చదివాను: "డెల్టా రాతను మార్చి చరిత్రకెక్కిన ధవళేశ్వరం ఆనకట్ట నీరు ఈ లాకుల మీదుగా మన పొలాలకు చేరింది. ఈ చారిత్రక లాకులను కాపాడుకుందాం." ఇద్దరూ ఒప్పుకున్నారు. చారిత్రాత్మకం తప్పని మాత్రం నేను ఇప్పటికీ అనను. తీర్పులకూ ఉద్యమాలకూ వాడుకుంటాను.

రాజమండ్రి డెస్కు:

నేనూ అంతే.

రామచంద్రపురం తెలుగు మాస్టారు:

వాక్యం బాగుంది. చెక్కే ఆయనకు అక్షరాలు పెద్దగా రాసి ఇవ్వండి. 'చారిత్రక'లో త కింద క్రారవడిని లోతుగా చెక్కమనండి. మా ఊళ్లో ఒక పలక మీద అది పైపైన చెక్కారు. నాలుగు వానాకాలాలకు 'చారితక' మిగిలింది.