ఆరేళ్ళు నా రాతలు చదివినవాళ్ళకు కృతజ్ఞత ఎలా చెప్పాలి?

ప్రశ్న

మా నాన్నకు అల్జీమర్స్ అని తెలిసినప్పటి నుంచి ఆయన పోయేదాకా, ఆరేళ్ళు, ప్రతి ఆదివారం రాత్రి ఆ వారం ఇంట్లో జరిగింది రాసి ఆన్‌లైన్‌లో పెట్టేదాన్ని. రచయిత్రిని కాను, నిద్ర పట్టక రాశాను. మొదట్లో మా చెల్లి ఒక్కతే చదివేది. చివరికి నూట ఇరవై మంది దాకా అయ్యారు. నాన్న పోయి నాలుగు నెలలైంది. చదివినవాళ్ళకు కృతజ్ఞత చెబుతూ చివరిగా ఒకటి రాసి ఆపేద్దామని మూడు వారాలుగా కూర్చుంటున్నాను. "అందరికీ ధన్యవాదాలు" అన్న దగ్గరే ఆగిపోతున్నాను. సభ ముగిసేటప్పుడు మైకులో చెప్పే మాటలా ఉంది అది.

నాన్న సాయంత్రమయ్యేసరికి "అమ్మ ఇంకా రాలేదేం?" అంటూ గుమ్మం దగ్గర నిలబడేవారు. నానమ్మ పోయి ముప్పై ఏళ్ళు. నేను ప్రతిసారీ నిజం చెప్పేదాన్ని. ప్రతిసారీ ఆయనకు ఆ చావు కబురు అప్పుడే అందినట్టు ఉండేది. కుమిలి కుమిలి ఏడ్చేవారు. అది రాసిన మర్నాడు ఒకావిడ మెయిల్ పెట్టారు. నేనెప్పుడూ చూడని మనిషి. "పోయిందని చెప్పకండమ్మా. ఆవిడ ఎలా ఉండేది, మిమ్మల్ని ఏమని పిలిచేది అని అడగండి." అంతే, రెండు వాక్యాలు.

ఆ సాయంత్రం అడిగాను. నాన్న గుమ్మం వదిలి వచ్చి కూర్చుని అరగంట మాట్లాడారు. నానమ్మ ఆయన్ని "చిట్టీ" అని పిలిచేదట. నలభై ఏళ్ళ నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది. తర్వాత మూడేళ్ళ సాయంత్రాలు ఆ రెండు వాక్యాల మీదే గడిచాయి.

దీనికి "ధన్యవాదాలు" ఎలా సరిపోతుంది? ఆవిడ నాకు విడిగా రాసింది కదా, అది నలుగురిలో పెట్టి థ్యాంక్స్ చెప్పవచ్చా? అసలు ఒక్క మాటా రాయకుండా చదివినవాళ్ళకు ఏం చెప్పాలి?

మొదటి జవాబు

మీరు ఇప్పుడు మాకు చెప్పిందే ఆవిడకు చెప్పండి. అరగంట, చిట్టీ, అన్నీ. తను రాసిన మాట ఏం చేసిందో ఆవిడకు ఈ రోజుకీ తెలిసి ఉండదు. మెయిల్ నలుగురిలో పెట్టే ముందు మాత్రం తప్పకుండా అడగండి. పేరు తీసేస్తే చాలదు. అలాంటి సలహా ఇచ్చిన మనిషి తన ఇంట్లో ఎవరికో సేవ చేసే ఉంటారు, ఇంట్లోవాళ్ళు చదివితే గుర్తుపడతారు. వద్దంటే ఆ మాట అక్కడితో వదిలేయండి.

రెండో జవాబు

డొనాల్డ్ కనూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, తన పుస్తకంలో తప్పును మొదట పట్టుకున్న పాఠకుడికి 2.56 డాలర్ల చెక్కు రాసి పంపేవారు. చాలామంది దాన్ని బ్యాంకులో వేయకుండా ఫ్రేము కట్టించుకున్నారు. అందులో డబ్బు సంగతి అటుంచండి, మీరు ఈ తప్పు చూశారు, నేను దిద్దుకున్నాను అని ఒక మనిషికి రాసి ఇవ్వడం ఉంది. మీరూ దిద్దుకున్నారు కదా. అది రాయండి.

మూడో జవాబు

అక్కా, నేను అటువైపు మనిషిని. మా అమ్మకూ ఇదే జబ్బు. ఇలా రాసే ఒకాయన్ని రెండేళ్ళుగా చదువుతున్నాను, ఇంతవరకు ఒక్క అక్షరం రాయలేదు. రాస్తే మా అమ్మ గురించి చెప్పాలి, చెబితే ఏడుపొస్తుంది. స్నానానికి మొండికేస్తే భుజాల మీద తువ్వాలు కప్పి, చలి వేయకుండా, ఒక్కో పని ముందుగా చెబుతూ చేయించాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు అమ్మ నన్ను కొట్టడం లేదు. మాట్లాడనివాళ్ళను "మీరూ రాయండి" అని మాత్రం అడగకండి. మేం ఉన్నామని మీకు తెలుసన్నట్టు ఒక్క వాక్యం చాలు మాకు.

నాలుగో జవాబు

పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ఇది గుర్తొచ్చింది. వెయ్యేళ్ళ కిందట రాజశేఖరుడనే సంస్కృత కవి కావ్యమీమాంస అనే గ్రంథంలో ప్రతిభను రెండుగా చెప్పాడు. రాసేవాడిది కారయిత్రి, చదివేవాడిది భావయిత్రి. ఆ రెండోది లేకపోతే కవి పెంచిన చెట్టు కాయదన్నాడు. మీరు గుమ్మం దగ్గర ఏడుస్తున్న తండ్రిని రాశారమ్మా. ఆవిడ అందులో అమ్మ కోసం చూస్తున్న పిల్లవాణ్ణి చూశారు. కాగితం మీద మీరు పెట్టనిది అది.

ప్రశ్న అడిగినవారు

నాలుగో జవాబు చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నిన్న ఆవిడకు రాశాను, అన్నీ చెప్పాను. పొద్దున జవాబు వచ్చింది. వాళ్ళాయన అలాగే పోయారట. తను చాలా ఆలస్యంగా తెలుసుకున్న మాట అది, అందుకే ఆ రాత్రే నాకు రాశారట. పేరు లేకుండా పెట్టుకోమన్నారు. మూడో జవాబు రాసిన చెల్లీ, నువ్వు అడిగిన వాక్యం కూడా పెడుతున్నాను.

"ధన్యవాదాలు" కొట్టేసి మొదటి వాక్యం ఇలా మార్చాను: "మా నానమ్మ మా నాన్నను ఏమని పిలిచేదో నాకు తెలిసేలా చేసింది మీలో ఒకరు."