ఎయిర్‌బాక్స్ కోసి సూపర్‌చార్జర్ కూత బయటికి తేవాలా, వద్దా? (2005 మినీ కూపర్ ఎస్)

ఫ్రీమాంట్_మినీ:
అందరికీ నమస్కారం. పోయిన నెల 2005 మినీ కూపర్ ఎస్ కొన్నాను. ఆర్53 అంటారే, 2007లో టర్బో వచ్చేదాకా సూపర్‌చార్జర్‌తో (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే, బెల్టుతో తిరిగే పంపు) అమ్మిన తరం, అది. మాన్యువల్ గేరు, 96 వేల మైళ్లు తిరిగింది. ఆఫీసుకు వేరే కారుంది, ఇది ఆదివారం సరదా.

మూడో గేరులో గట్టిగా తొక్కితే ఇంజన్‌లోంచి సన్నటి కూత లీలగా వినిపిస్తుంది. దాన్నే ఇంకాస్త గట్టిగా వినాలని కోరిక. రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, గాలి ఫిల్టర్ ఉండే డబ్బా (ఎయిర్‌బాక్స్) మొత్తం పీకేసి, డబ్బా అక్కర్లేని కోన్ ఫిల్టర్ బిగించడం. రెండోది, ఉన్న డబ్బాకే ముందు అద్దం వైపున్న గోడ కోసెయ్యడం. దీనికి ఖర్చు ఒక హాక్సా బ్లేడు.

మా ఆవిడ మొన్న పక్కన కూర్చుని, "ఇప్పటికే మిక్సీలో కొబ్బరి పచ్చడి వేస్తున్నట్టుంది, ఇంకా పెంచుతావా?" అంది. స్టార్ట్ చేసి ఊరికే నిలబెట్టినా ముందు నుంచి చిన్నగా గరగరమంటుంది, దానికే ఆమె మిక్సీ అని పేరు పెట్టింది. నాకైతే బాగానే ఉంది. కోసెయ్యనా?

డల్లాస్_హెల్‌క్యాట్:
ఇందులో అడగడానికేముంది తమ్ముడూ, కొయ్యి. సూపర్‌చార్జర్ ఉన్న కారు కొని దాని గొంతు నొక్కి తిరగడం ఎందుకు? నా డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్‌లో 2.4 లీటర్ల స్క్రూ సూపర్‌చార్జర్. కంపెనీ వాళ్లే ఆ కూత దాచలేదు, సగం మంది ఆ కూత కోసమే కొంటారు. పార్కింగ్‌లో చిన్నపిల్లలు కూడా తలతిప్పి చూస్తారు. కోన్ ఫిల్టర్ పెట్టు, డబ్బా కోసి సగం సగం పనులు చెయ్యకు.

పైగా గాలి ఎంత తేలిగ్గా వస్తే అంత పవర్. ఇది లెక్క.

డెట్రాయిట్_మాస్టారు:
లెక్క అన్నారు కాబట్టి లెక్కే చేద్దాం. కార్లలో చప్పుడు తగ్గించే విభాగంలో పనిచేస్తాను, ఆ చప్పుడు పెంచమని అడిగేవాళ్లంటే నాకు సరదా.

ముందు ఆ కూత ఎక్కడిది? ఆర్53లో ఉన్నది ఈటన్ ఎం45. రూట్స్ రకం, రెండు రోటర్లు, ఒక్కోదానికి మూడు రెక్కలు. బెల్టు దాన్ని ఇంజన్ కంటే దాదాపు రెట్టింపు వేగంతో తిప్పుతుంది. ఇంజన్ 6000 ఆర్‌పీఎంలో ఉంటే రోటర్లు సుమారు 12 వేలు, అంటే సెకనుకు 200 చుట్లు. ఒక్కో చుట్టుకు ఆరుసార్లు గాలి గుటక వేస్తుంది. సెకనుకు 1200 గుటకలు. అదే మీరు వినే కూత, 1200 హెర్ట్జ్. మన చెవికి బాగా వినిపించే చోటు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కారులో థ్రాటిల్, అంటే గాలిని వదిలే తలుపు, సూపర్‌చార్జర్‌కు ముందుంటుంది. కాలు తీస్తే ఆ తలుపు మూసుకుంటుంది, బైపాస్ వాల్వ్ తెరుచుకుని గాలి లోపలే తిరుగుతుంది, కూత లోపలే ఉండిపోతుంది. కాలు నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, కూత గాలికి ఎదురీది వెనక్కి ఫిల్టర్ డబ్బాలోకి వస్తుంది. ఆ డబ్బా, దాని సన్నటి మూతి కలిసి మూతి సన్నగా ఉన్న కుండలాంటివి. కొన్ని స్వరాలను మింగేస్తుంది, కొన్నిటిని వదులుతుంది. అది ఏది మింగాలో కూర్చుని కొలిచి చేసినవాళ్లున్నారు (మాలాంటి పాపులు). మీరు గోడ కోస్తే ఆ కుండకు చిల్లు పెట్టినట్టు. కూత పుట్టదు, ఉన్నదే బయటపడుతుంది.

పవర్ సంగతి. హెల్‌క్యాట్ గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. సూపర్‌చార్జర్‌కు ముందు ఒత్తిడి కొంచెం పోయినా, వెనక వచ్చేసరికి ఆ నష్టం ఎన్ని రెట్లు పిండితే అన్ని రెట్లు అవుతుంది. కాబట్టి ముందున్న అడ్డు తీయడం మామూలు ఇంజన్‌లో కంటే ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. కానీ బానెట్ కింద ఓపెన్ కోన్ పెడితే అది పీల్చేది రేడియేటర్ వేడి గాలి. 27 డిగ్రీల గాలి బదులు 57 డిగ్రీల గాలి వెళ్లిందనుకోండి, సాంద్రత 9 శాతం తగ్గింది. సూపర్‌చార్జర్ దాన్ని మళ్లీ వేడి చేస్తుంది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) భయపడి స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. చెవికి 50 గుర్రాల బలం పెరిగినట్టు ఉంటుంది, కారు మాత్రం నెమ్మదిస్తుంది. ఫిల్టర్ మార్చిన ప్రతివాడూ "కారు ఎగిరిపోతోంది" అనడానికి కారణం ఇదే, చెవి కాలికంటే ముందు ఓటేస్తుంది.

డల్లాస్_హెల్‌క్యాట్:
మాస్టారూ, ట్రాఫిక్‌లో నిలబడితే మాత్రమే ఆ 57 డిగ్రీలు. హైవే మీద 60 మైళ్ల వేగంలో బానెట్ కింద గాలి మారిపోతూనే ఉంటుంది. మీరు నిలబడ్డ కారును కొలిచి పరిగెత్తే కారును తిడుతున్నారు.

డెట్రాయిట్_మాస్టారు:
కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ ట్రాఫిక్‌లో 60 మైళ్ల వేగం ఎప్పుడు వస్తుందో ఆయన్నే అడగండి.

ఫ్రీమాంట్_మినీ:
880 హైవే మీద ఆదివారం పొద్దున ఆరింటికి వస్తుంది మాస్టారూ.

నైట్‌డ్యూటీ_శైలు:
నేను కార్లమనిషిని కాదు, మా ఆయన లాగిన్ ఇది. నర్సుని, రాత్రి డ్యూటీ, పొద్దున తొమ్మిదికి పడుకుంటాను. మా వీధిలో ఒకాయనకి ఇలాంటి కారే ఉంది. ఎగ్జాస్ట్ మోత అయితే "ధడ్" మని వచ్చి వెళ్లిపోతుంది, కళ్లు మూసుకుంటే మళ్లీ నిద్ర పడుతుంది. ఈ సన్న కూత అలా కాదు, దోమ చెవి దగ్గర తిరిగినట్టు ఉంటుంది. మీ సరదా మీ కారులో వినపడేలా చేసుకోండి, వీధికి ఎందుకు పంచడం? ఆవిడ మిక్సీ అన్నారంటే ఊరికే అనలేదు.

డల్లాస్_హెల్‌క్యాట్:
శైలు గారూ, తొక్కినప్పుడే వస్తుందండి కూత. వీధిలో ఎవరు తొక్కుతారు?

నైట్‌డ్యూటీ_శైలు:
మీరు తొక్కరా? నిజం చెప్పండి.

డల్లాస్_హెల్‌క్యాట్:
...అప్పుడప్పుడు.

మ్యూనిక్_మామ:
జర్మనీలో మీ చర్చ సగం దగ్గరే ముగుస్తుంది. ఇక్కడ గాలి పీల్చే భాగం మార్చాలంటే దానికి ఆమోద పత్రం ఉండాలి, కొన్నిటికి టియువి (బండ్లు తనిఖీ చేసే సంస్థ) దగ్గరికి వెళ్లి బండి కాగితాల్లో ఎక్కించుకోవాలి. లేకపోతే బండి అనుమతే రద్దయినట్టు లెక్క, ప్రమాదం జరిగితే బీమా వాడు ఆ కాగితమే అడుగుతాడు. సొంతంగా రంపంతో కోసిన డబ్బాకు ఎవడిస్తాడు ఆమోదం?

ఒక సంగతి గుర్తుంచుకోండి. మినీ వాళ్ల జాన్ కూపర్ వర్క్స్ కిట్‌లో వచ్చిన డబ్బాకు వాక్యూమ్‌తో తెరుచుకునే చిన్న తలుపు ఉంటుంది. మామూలుగా నడిపితే మూసి ఉంటుంది, ఇంజన్ వేగం పెరిగాక తెరుచుకుని కూత వదులుతుంది. శైలు గారి నిద్ర, మీ సరదా రెండూ నిలబడతాయి. పాతవి దొరికితే ఖరీదు ఎక్కువే.

సికింద్రాబాద్_కొంప్రెసర్:
అన్నా, నా అనుభవం ఒకటి చెప్తా. నాది పాత సీ 200 కొంప్రెసర్ బెంజి. మీలాగే మోజుపడి ఒక గ్యారేజీలో నూనె పూసిన కాటన్ ఫిల్టర్ వేయించిన. గ్యారేజీ పేరు వద్దులే. వాడు ఫిల్టర్‌కు నూనె ఎంత పట్టించాడంటే, పకోడీ ప్లేటు మీద పేపరు గుర్తొచ్చింది. నెల తిరక్కుండానే ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద జిడ్డు చేరి ఇంజన్ లైటు వెలిగింది, పికప్ పోయింది. సెన్సర్ క్లీన్ చేయించి, పాత పేపర్ ఫిల్టర్ మళ్లీ పెట్టిన.

ఇక చట్టం అంటారా, ఇక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా మార్చొద్దు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. కానీ నిజంగా రోడ్డు మీద పట్టుకునేది బుల్లెట్ల సైలెన్సర్లనే. బానెట్ ఎత్తి ఫిల్టర్ ఎవరు చూస్తరు?

డెట్రాయిట్_మాస్టారు:
జిడ్డు సంగతి బెంజికి నిజమే. ఆర్53కి ఆ ఎయిర్ ఫ్లో సెన్సరే లేదు, ఒత్తిడి, ఉష్ణోగ్రత చూసి గాలి లెక్క కడుతుంది. కాబట్టి ఆ భయం ఈ కారుకు లేదు. నాకు అనుకూలమైన వాదన అయినా, తప్పయితే వాడుకోను.

పాత_పానా:
కాలిఫోర్నియాలో బానెట్ ఎత్తి చూస్తారు, సికింద్రాబాద్ అన్నా. ఎనిమిదేళ్లు దాటిన కారుకు రెండేళ్లకోసారి స్మాగ్ (పొగ) పరీక్ష, అందులో కంటితో చూసే భాగం ఉంది. మార్చిన ఇన్‌టేక్‌కు (గాలి పీల్చే భాగానికి) కార్బ్, అంటే రాష్ట్ర వాయు కాలుష్య బోర్డు, ఇచ్చిన ఈఓ (ఆమోదం) నంబరు స్టిక్కర్ లేకపోతే అక్కడే ఫెయిల్. పొగ ఎంత శుభ్రంగా వచ్చినా సరే. రంపంతో కోసిన డబ్బాకు స్టిక్కర్ రాదు.

అదలా ఉంచండి. మీరంతా కూత గురించి కొట్టుకుంటున్నారు. నేను మొదటి పోస్టు మూడుసార్లు చదివాను. "స్టార్ట్ చేసి ఊరికే నిలబెట్టినా గరగరమంటుంది" అన్నాడు తమ్ముడు. ఎవరూ పట్టించుకోలేదు.

మాస్టారే చెప్పారు కదా, ఐడిల్‌లో, అంటే కాలు తీసి ఊరికే నిలబెట్టినప్పుడు, థ్రాటిల్ మూసి ఉంటుంది, బైపాస్ తెరిచి ఉంటుంది అని. మరి ఆ టైమ్‌లో సూపర్‌చార్జర్ కూత ఎందుకు వస్తుంది? రాదు. వస్తే అది కూత కాదు. నా చేతిలో రెండు ఆర్53లు నడిచాయి, ఒకటి 1,80,000 మైళ్లు. ఆ చప్పుడు నాకు తెలుసు. బెల్టును బిగువుగా పట్టే టెన్షనర్ అరిగి ఉండొచ్చు, సూపర్‌చార్జర్ ముక్కు (పుల్లీ వైపు) దగ్గరి కప్లింగ్ అరిగి ఉండొచ్చు, లేదా సూపర్‌చార్జర్ లోపలి గేర్లకు నూనె అయిపోయి ఉండొచ్చు.

ఈ మూడోదే నా భయం. సూపర్‌చార్జర్‌లో రెండు చివర్లా సొంత నూనె ఉంటుంది, ఇంజన్ ఆయిల్‌తో సంబంధం లేదు. మామూలు సర్వీసులో దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇరవై ఏళ్లు అయింది, మెల్లగా కారిపోతుంది. ఆర్53లో ఉన్న తిరకాసు ఏంటంటే వాటర్ పంపును తిప్పేది కూడా సూపర్‌చార్జర్ వెనక చివర. ఆ చివర నూనె లేక గేరు పళ్లు అరిగిపోతే నీళ్లు తిరగడం ఆగుతుంది. హైవే మీద టెంపరేచర్ సూది పైకి లేస్తుంది. అప్పుడు కోన్ ఫిల్టర్ పెట్టావా, డబ్బా కోశావా అని ఎవడూ అడగడు, టో ట్రక్కు వాడు ఎన్ని మైళ్లు అని అడుగుతాడు.

తమ్ముడూ, ముందు పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకో. కొన సూపర్‌చార్జర్ మీద, పిడి చెవి దగ్గర. బెల్టుకి దూరంగా, చొక్కా చేతులు మడిచి. టెన్షనర్ మీద కూడా పెట్టి విను. ఎక్కడ గట్టిగా గరగరమంటుందో చెప్పు. మిగతావి తర్వాత.

ఫ్రీమాంట్_మినీ:
పానా అన్నా, విన్నాను. టెన్షనర్ దగ్గర నిశ్శబ్దం. సూపర్‌చార్జర్ మీద, పుల్లీకి రెండోవైపు పెడితే ఇసుక వేసి నూరినట్టుంది. నాకిప్పుడు టెన్షన్ మొదలైంది.

పాత_పానా:
నడపడం ఆపు. ఈ శనివారం నాకు పనిలేదు, శాన్‌హోసే నుంచే కదా, వస్తాను. బంపర్ ఊడదీసి రేడియేటర్ ముందుకు జరపాలి, పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అవుతుంది. నూనె, సిరంజీ, కొత్త బెల్టు నువ్వు తెచ్చి ఉంచు. టిఫిన్ కూడా.

డల్లాస్_హెల్‌క్యాట్:
సరే, ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ నూనె పోసాక కోస్తాడు కదా?

(ఐదు రోజుల తర్వాత)

ఫ్రీమాంట్_మినీ:
అప్‌డేట్. శనివారం పానా అన్న వచ్చారు. పెసరట్టు తిని పని మొదలుపెట్టాం. పుల్లీ వైపు సగం నూనె ఉంది. వాటర్ పంపు వైపు ప్లగ్ తీస్తే తారులాంటివి నాలుగు చుక్కలు పడ్డాయి, వాసన చెప్పను, మా ఆవిడ కిటికీలు మూసేసింది. గేరు పళ్ల అంచులు కొంచెం నునుపు తేలి మెరుస్తున్నాయి కానీ అరిగిపోలేదు. ఇంకో వేసవి ఇలాగే నడిపి ఉంటే చెప్పలేం అన్నారు. పాత ఓనరు సర్వీసు కాగితాల్లో దీని ప్రస్తావనే లేదు.

నూనె పోసి, బెల్టు మార్చి, స్టార్ట్ చేస్తే ఐడిల్‌లో చప్పుడే లేదు. ఆ గరగరే మిగతా అన్నిటినీ కప్పేసిందని అప్పుడు అర్థమైంది. ఆదివారం మూడో గేరులో తొక్కితే కూత శుభ్రంగా, సన్నాయి శ్రుతిలా వినిపించింది. ఏమీ కోయకుండానే.

డల్లాస్_హెల్‌క్యాట్:
అంటే కోయవా?

డెట్రాయిట్_మాస్టారు:
కోసే ముందు ఒక పని చెయ్యండి. ఓబీడీలో (కారు కంప్యూటర్ అంకెలు చూపే పోర్టు) కనిపించే ఉష్ణోగ్రత ఇంటర్‌కూలర్ (సూపర్‌చార్జర్ వేడెక్కించిన గాలిని చల్లార్చేది) దాటాక కొలిచేది, దాన్నిబట్టి డబ్బాలోకి వచ్చే గాలి సంగతి తెలియదు. తీగ ఉన్న వంటింటి థర్మామీటర్ ఒకటి డబ్బాలో పెట్టి, ట్రాఫిక్‌లో ఒకసారి, హైవే మీద ఒకసారి రాసుకోండి. ఆ తర్వాత జంక్‌యార్డ్ నుంచి ఇంకో డబ్బా తెచ్చి దాన్ని కోసి మళ్లీ కొలవండి. అప్పుడు నేనూ హెల్‌క్యాట్ గారూ నోరు మూసుకుంటాం.

పాత_పానా:
జంక్‌యార్డ్ డబ్బా అంటే స్మాగ్ రోజున ఒరిజినల్ పెట్టి, తెల్లారి కోసింది పెట్టడమే కదా మాస్టారూ? అది పరీక్షను మోసం చెయ్యడం. నేను చెయ్యను, చెయ్యమని చెప్పను.

డెట్రాయిట్_మాస్టారు:
కొలవడానికి మాత్రమే అన్నాను.

నైట్‌డ్యూటీ_శైలు:
అందరూ అలాగే అంటారు :)

ఫ్రీమాంట్_మినీ:
థర్మామీటర్ మా ఆవిడది, థాంక్స్‌గివింగ్‌కి టర్కీ చేసినప్పుడు కొన్నది. అడిగితే "డబ్బాలో పెట్టింది మళ్లీ నా వంటింట్లోకి రాకూడదు" అంది. సో కొత్తది ఆర్డర్ పెట్టాను. హాక్సా బ్లేడు గ్యారేజీలో మేకుకు వేలాడుతోంది, ప్యాకెట్ ఇంకా చింపలేదు.