అధ్యక్షుడు: కన్నా, ఇరుసా?

పాత అట్టలు:
పెద్దలూ, ఒక పాదం మూడు రోజులుగా నా బుర్ర తినేస్తోంది. "...అధ్యక్షః పరమే..." అని ఏదో. చివర్లో "వాడికి తెలుసో, ఒకవేళ వాడికీ తెలియదో" అనే అర్థం వచ్చే ముక్క ఉంటుంది. నాన్నగారు పొద్దున్నే వరండాలో తిరుగుతూ చదివేవారు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఒక చిన్న పత్రికకి చైనా దేశాధినేత పదవి మీద వ్యాసం రాస్తున్నాను. ఆ పదవి పేరు చైనా భాషలో 'జూషీ'. పార్టీకి మావో జూషీ, సైనిక సంఘానికి జూషీ, 1954 నుంచి 59 దాకా దేశానికీ జూషీయే. మనం మావోని 'ఛైర్మన్' అన్నాం, జిన్‌పింగ్‌ని 'అధ్యక్షుడు' అంటున్నాం. అక్కడ మాట మారలేదు. 1982 రాజ్యాంగం నుంచి ఇంగ్లీషు అనువాదంలో 'ప్రెసిడెంట్' అన్నారు, వాళ్ల వెనకే మనమూ మారాం.

80వ అధికరణం చదివితే ఆయన చట్టాలు ప్రకటిస్తాడు, ప్రధానిని నియమిస్తాడు, యుద్ధం ప్రకటిస్తాడు. అన్నీ జాతీయ ప్రజా కాంగ్రెస్, దాని స్థాయీ సంఘం నిర్ణయించినట్టే. సొంతంగా చేసే పని వెతికినా దొరకదు. అందుకే అడుగుతున్నాను: ఆ పాదంలో అధ్యక్షుడు పని చేసేవాడా, చూస్తూ కూర్చునేవాడా?

అరసున్న:
ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం, చివరి ఋక్కు. "యో అస్యాధ్యక్షః పరమే వ్యోమన్ త్సో అంగ వేద యది వా న వేద". 'అక్షం' అంటే కన్ను, అధ్యక్షుడంటే పైనుంచి చూసేవాడు. చూస్తూ కూర్చునేవాడే. గీత తొమ్మిదో అధ్యాయంలో "మయాధ్యక్షేణ ప్రకృతిః సూయతే సచరాచరమ్" దగ్గర శంకరులు 'దృశిమాత్ర' అనేశారు. చరాచరాన్ని ప్రసవించేది ప్రకృతి, ఆయన ఉత్త సాక్షి. మీ 80వ అధికరణానికి అంతకన్నా మంచి భాష్యం ఉండదు.

కొసరు ముక్క:
అంత తొందరేం లేదండీ. కౌటిల్యుడి అధ్యక్షులు కూర్చునేవాళ్లా? సువర్ణాధ్యక్షుడు, సీతాధ్యక్షుడు, సురాధ్యక్షుడు. బంగారం తూకం, దుక్కి, కల్లు కొట్టు, అన్నీ దగ్గరుండి చూసే ఉద్యోగులు. లెక్క తప్పితే జరిమానా. అమరకోశం కూడా "అధ్యక్షాధికృతౌ సమౌ" అంది. అధికారం చేతిలో ఉన్నవాడే అధ్యక్షుడు.

ఇరుసు:
అందరూ 'అక్షం' అంటే కన్ను అని మొదలుపెడుతున్నారు. అక్షం అంటే ఇరుసు కూడా. అధి + అక్షం, ఇరుసు మీద కూర్చున్నవాడు. బండి నడుస్తుంది, వాడు నడవడు, వాణ్ని తీసేస్తే మాత్రం బండి ఉండదు. దేశాధినేతకి ఇంతకన్నా అతికే మాట ఏముంది?

అరసున్న:
అతికిందని వ్యుత్పత్తి అయిపోదు. ప్రత్యక్షం, పరోక్షం, అధ్యక్షం. మూడూ ఒక కుదురు. ప్రత్యక్షంలో ఇరుసు ఎక్కడుంది స్వామీ?

ఇరుసు:
బండి ఎదురుగా వస్తే ప్రత్యక్షమే.

బందరు పెద్దమ్మ:
కన్నే అనుకుందాం. అప్పుడు ఇంకో తమాషా ఉంది చూడండి. అధ్యక్షుడిలోనూ కన్ను, కార్యదర్శిలోనూ 'దర్శి'. ఇద్దరూ చూసేవాళ్లే! ఒకాయన పైనుంచి చూస్తాడు, ఇంకొకాయన పని చూస్తాడు. కమ్యూనిస్టు దేశాల్లో పెత్తనం ఎవరిదో ఈ రెండు మాటల్లోనే ఉంది. పార్టీ ప్రధాన కార్యదర్శి 'పని చూస్తే' దేశాధ్యక్షుడు చూస్తూ ఉండాల్సిందే. కాలినిన్ సంగతి తెలుసుగా. సోవియట్ దేశాధినేతగా రాయబారుల దగ్గర పత్రాలు పుచ్చుకుంటూనే ఉన్నాడు, 1938లో ఆయన భార్యనే పట్టుకెళ్లి ఖైదీల శిబిరంలో పెట్టారు. 1945 దాకా ఆవిడ బయటికి రాలేదు.

కొసరు ముక్క:
కాలినిన్‌ని వాళ్లు 'సర్వసోవియట్ స్తారస్తా' అనేవారు. స్తారస్తా అంటే ఊరిపెద్ద. నేనైతే 'మునసబు' అని అనువదిస్తాను. పైగా 1936 రాజ్యాంగం తర్వాత అక్కడ ఒక్క మనిషి దేశాధినేత కాడు, సుప్రీం సోవియట్ ప్రెసీడియం మొత్తం అధినేత. దాని ఛైర్మన్‌ని జనం నేరుగా ఎన్నుకోవాలని ఎవరో సవరణ పెడితే స్టాలిన్ వద్దన్నాడు, మా వ్యవస్థలో అధ్యక్షుడు ఒక వ్యక్తి కాదు, ఒక బృందం అని. దానికి మన ఎర్రజెండా సభల్లో చక్కటి తెలుగు మాట ఉంది కదా, 'అధ్యక్షవర్గం'. స్టేజీ మీద ఐదుగురు కూర్చుంటారు, ఎవరు అధ్యక్షుడో కింద కూర్చున్నవాడికి తెలియదు.

పాత అట్టలు:
అధ్యక్షవర్గం! ఇది రాసుకున్నాను. సోవియట్ పత్రికల నున్నటి కాగితం పుస్తకాలకి అట్టలేసుకున్న తరం మాది. ఆ మాట చదివాం, అర్థం అడగలేదు. కానీ చైనా 1954లోనే ఒక్క మనిషి పద్ధతికి వచ్చింది. వియత్నాం 1980లో సామూహికం చేసి, 1992లో మళ్లీ ఒక్కరికి అప్పజెప్పింది. అక్కడి 'చూ తిక్' మన జూషీకి తోబుట్టువే. ఇంతకీ జూషీ అంటే అక్షరాలా 'పెద్ద చాప'. సభలో ముఖ్యమైన చాప మీద కూర్చునేవాడు. అందులో కన్నూ లేదు, ఇరుసూ లేదు.

ఇరుసు:
చాప మీద కూర్చున్నవాడు లేవడుగా. నా పక్షమే.

బందరు పెద్దమ్మ:
చాప లాగేస్తే? లియు షావోచీకి అదే జరిగింది. 1959 నుంచి దేశానికి ఆయనే జూషీ. 1967లో రెడ్ గార్డులు, అంటే మావో విద్యార్థి దళాలు, ఆయన్ని నిలబెట్టి దులుపుతుంటే రాజ్యాంగం పుస్తకం చేత్తో పట్టుకుని, నేను ఈ దేశాధ్యక్షుణ్ని, నాకేమైనా ఫరవాలేదు కానీ ఈ పదవి పరువు కాపాడతాను అన్నాడని చెబుతారు. ఆ రాజ్యాంగం ప్రకారం ఆయన్ని తీసేయాల్సింది ప్రజా కాంగ్రెస్. 1968 అక్టోబరులో తీసేసింది పార్టీ కేంద్ర సంఘం. 1969 నవంబరులో కైఫెంగ్‌లో పోయాడు. దహనం కాగితంలో వేరే పేరు రాశారు, వృత్తి దగ్గర 'నిరుద్యోగి' అని రాశారు. ఈ 'నిరుద్యోగి'కి ఏ భాష్యం చెబుతారు అరసున్నగారూ?

అరసున్న:
దానికి భాష్యం చెప్పలేనమ్మా.

కొసరు ముక్క:
అందుకే మన నక్సలైట్ల నినాదం "చైనా ఛైర్మన్ మా ఛైర్మన్" విన్నప్పుడల్లా నాకు ముల్లు గుచ్చుకుంటుంది. వాళ్ల ఉద్దేశం పార్టీ ఛైర్మన్ మావో, సరే. కానీ 1968 తర్వాత చైనా అనే దేశానికి ఛైర్మనే లేడు. కుర్చీ ఖాళీ. 1970లో పార్టీ లూషాన్ సమావేశంలో ఆ పదవి ఉంచాలా వద్దా అనేదే పెద్ద గొడవ. రక్షణ మంత్రి లిన్ బియావో పక్షం ఉంచాలంది, మావో వద్దన్నాడు. 1975 రాజ్యాంగంలో ఆ పదవే ఎత్తేశారు.

బందరు పెద్దమ్మ:
అయితే పోతన్న ముందే అడిగేశాడు.
"కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో"

అరసున్న:
అమ్మా, "గలఁడో". వాఁడు ప్రథమా విభక్తి, దాని మీద 'క' 'గ' అవుతుంది.

కొసరు ముక్క:
వ్యాకరణంలో చిన్నయసూరిగారు 'బహుళముగా' అన్నారండీ. తప్పనిసరి అనలేదు.

అరసున్న:
యతి చూడండి. పాదం మొదట ఉండేదీ "గలఁడు". అక్కడ గ, ఇక్కడా గ.

కొసరు ముక్క:
క-గలకి వర్గయతి చెల్లుతుంది. యతి ఈ కేసులో సాక్ష్యం చెప్పదు.

బందరు పెద్దమ్మ:
నేను మా అమ్మమ్మ దగ్గర 'క'తోనే నేర్చుకున్నాను. మొసలి నోట్లో కాలున్నవాడు క, గ చూసుకుంటాడా? అసలు ఆ పద్యంలో గొప్పంతా చివరి 'ఓ' కారాల్లో ఉంది. వేదంలో "యది వా న వేద", వాడికి తెలుసో తెలియదో. ఇక్కడ వాడు ఉన్నాడో లేడో. ఒక మెట్టు పైకే ఎక్కాడు మా పోతన్న.

పాత అట్టలు:
అమ్మా, చాలా బాగుంది. కానీ నా వ్యాసం శుక్రవారం ఇవ్వాలి. 1982లో పదవి మళ్లీ వచ్చింది, అధికారాలు మునుపటికన్నా తగ్గించి. 1954లో జూషీకి సైన్యం మీద ఆధిపత్యం ఉండేది, 1982లో అది కేంద్ర సైనిక సంఘానికి వెళ్లింది. 1989లో దేశాధ్యక్షుడు యాంగ్ షాంగ్‌కున్, సైనిక సంఘం ఛైర్మన్ డెంగ్ షియావోపింగ్. చివరి మాట డెంగ్‌దేనని అందరికీ తెలుసు. 1993 నుంచి జియాంగ్ జెమిన్‌తో పార్టీ, సైన్యం, దేశం మూడూ ఒకే మనిషి చేతికొచ్చాయి. మరి ఇప్పుడు ఆ పదవిలో ఉన్నవాడు సాక్షా, అధికృతుడా?

కొసరు ముక్క:
మనిషి అధికృతుడు, పదవి సాక్షి. 2004లో 81వ అధికరణంలో 'దేశ వ్యవహారాలు నిర్వహిస్తాడు' అనే అర్థం వచ్చే ఒక్క ముక్క చేర్చారు చూడండి. అంతకుముందు ఉన్నవి రాయబారుల్ని స్వీకరించడంలాంటి పనులే. 2018 మార్చిలో ఆ పదవికి రెండు విడతల పరిమితి తీసేసినప్పుడు ప్రజా కాంగ్రెస్‌లో 2958 మంది సరే అన్నారు, ఇద్దరు కాదన్నారు, ముగ్గురు తటస్థం. సాక్షి పదవైతే పరిమితి ఎత్తడానికి అంత హడావుడి ఎందుకు?

ఇరుసు:
ఇరుసు గనక.

పల్లెటూరి పిల్లోడు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మన అసెంబ్లీలో స్పీకర్‌ని "అధ్యక్షా" అంటారు కదా. ఒకళ్లనొకళ్లు తిట్టుకునేది కూడా ఆయన వైపు తిరిగే. ఆయన వినాలి, చూడాలి, మధ్యలో గంట కొట్టాలి. నాకు నాసదీయం అర్థం కాలేదు కానీ ఇది అర్థమైంది.

అరసున్న:
అబ్బాయీ, మా అందరికన్నా నువ్వే నయం.

పాత అట్టలు:
వ్యాసం ఇచ్చేశాను. చైనావాళ్లు అమెరికా ఆయన్ని 'జోంగ్‌తోంగ్' అంటారు, తమ వాణ్ని జూషీ అంటారు. రెంటినీ మనం అధ్యక్షుడిలో కలిపేస్తున్నాం కాబట్టి చైనాకి 'దేశ ఛైర్మన్' అని రాశాను. అచ్చులో 'రాష్ట్రపతి' అని వచ్చింది. ఫోన్ చేస్తే, హిందీ పేపర్లలో అలాగే వస్తుంది కదా సార్ అన్నారు.

కొసరు ముక్క:
మనకి రాష్ట్రమంటే ఆంధ్రా, తెలంగాణ. చైనా రాష్ట్రపతి అంటే ఏ రాష్ట్రానికని అడగాలి.

పాత అట్టలు:
శీర్షికలో ఇంకా ఘోరం. 'అధ్యక్ష్యుడు'. క్షకి య వత్తు.

ఇరుసు:
ఫ్లెక్సీల మీద అంతా అదే. అక్షం కాదు, అక్ష్యం. కొత్త వ్యుత్పత్తి కావాలి, ఆలోచిస్తాను.

అరసున్న:
మీరు ఆలోచించకండి. అమ్మా, వాఁడు మీద 'క' రాసిన పాత ప్రతి మీ ఇంట్లో ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి.

బందరు పెద్దమ్మ:
అటక మీద ఉంది. మనవడు ఆదివారం వస్తాడు, దింపిస్తాను.