‘అక్కా, కొంచెం ముస్లింలాగా చెప్పండి’ అంటే ఎట్లా చెప్పాలి?

ప్రొద్దుటూరు టీచరమ్మ:

మాది ప్రొద్దుటూరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మేం దూదేకులోళ్లం, మా తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష లేదు. మా అమ్మకు ఉర్దూలో పది దాకా అంకెలు కూడా రావు.

పోయిన నెల మా వీధి పిల్లోడొకడు షార్ట్ ఫిల్మ్ తీస్తూ, తల్లి పాత్రకు గొంతు ఇమ్మని వచ్చాడు. రెండే డైలాగులు. కొడుకు బస్సుకు పోతుంటే తల్లి ఆపి అన్నం తినమనాలి. మా ఇంట్లోనే ఫ్యాన్ ఆపేసి, కిటికీకి దుప్పటి కట్టి, ఫోన్ ముందర కూర్చోబెట్టాడు. మా అమ్మ నాతో రోజూ అనే మాటే అన్నాను: “రెండు ముద్దలు తినిపోరా, సల్లారిపోతాంది.”

వాడు తల గోక్కున్నాడు. “బాగుందక్కా, కానీ కొంచెం ముస్లింలాగా చెప్పండి.”

నేను ముస్లింనే కదరా అన్నాను. “అది కాదక్కా, చూసేవాళ్లకు తెలియాల గదా” అని ఒక కాగితం చేతిలో పెట్టాడు. “అరె బేటా, ఖానా ఖాకే జావోనా” అని ఉంది. తీసిన సీన్ కూడా చూపించాడు. ఆ తల్లి పొయ్యి దగ్గర కూడా బురఖాలోనే ఉంది! ప్రొద్దుటూరు ఎండలో, గ్యాస్ స్టవ్ ముందర. బురఖా వేసుకునేవాళ్లయినా గడప దాటేటప్పుడు వేసుకుంటారు గానీ రసం కాచేటప్పుడు కాదు కదా.

వాడి మీద నాకు కోపం లేదు. వాడు చూసిన సినిమాలే వాడికి నేర్పాయి. కానీ అప్పటినుంచి ఆలోచిస్తున్నా. హుసేనమ్మ, మస్తానమ్మ, పీరమ్మ లాంటి పేరు పెట్టుకుని, మనలాగా తెలుగు మాట్లాడే ముస్లిం ఆడమనిషిని తెర మీద మీరెవరైనా చూశారా? 1995లో ‘బొంబాయి’ వచ్చినప్పుడు నేను చిన్నపిల్లను. అందులో షైలాబాను పరుగెత్తుతుంటే బురఖా చిక్కుకుంటుంది, దాన్ని వదిలేసి ప్రియుడి దగ్గరికి పోతుంది. హాల్లో ఒకటే ఈలలు. 2022లో ‘సీతారామం’ వచ్చింది. నూర్జహాన్ పాత్ర నాకు బాగా నచ్చింది, ఏడ్చాను కూడా. అయితే ఆమె హైదరాబాద్ యువరాణి, అందులోనూ సగం సినిమా సీతామహాలక్ష్మిగానే ఉంటుంది. అటు యువరాణి, ఇటు బురఖా వదిలేసి పరుగెత్తే పిల్ల. మధ్యలో పరుపులు కుట్టేవాళ్ల ఇళ్లున్నాయి, అవేవి?

డైలాగు కూలీ:

టీచరమ్మగారూ, నేను సీరియళ్లకు డైలాగులు రాస్తాను. మా వైపు మాట కూడా వినండి. సైడ్ క్యారెక్టర్‌కు ఇచ్చేది నలభై సెకన్లు. అంతలో ఈమె ఎవరో తెలియాలి. కాస్ట్యూమ్ వాళ్ల పెట్టెలో నల్ల బురఖా రెడీగా ఉంటుంది, నా దగ్గర ‘బేటా’ రెడీగా ఉంటుంది. పేపర్లో ‘మస్తానమ్మ’ అని రాస్తే డైరెక్టర్ మొదట అడిగేది “ఈమె ముస్లిమా, కాదా?” అనే. హిందువుల ఇళ్లలోనూ మస్తానమ్మలున్నారుగా మరి. కావాలని చేసే తప్పు కాదిది, టైము లేక చేసే తప్పు.

ప్రొద్దుటూరు టీచరమ్మ:

అన్నా, టైము లేకపోవడం అర్థమైంది. కానీ అదే నలభై సెకన్లలో సుబ్బమ్మ వస్తే ఆమె ఏ కులమో, ఏ దేవుణ్ణి కొలుస్తుందో చెప్పరు కదా. ఊరికే పక్కింటావిడ. ఆమెకు దొరికిన సుఖం మస్తానమ్మకు ఎందుకు దొరకదు?

మదనపల్లె ఆపా:

చెల్లెమ్మా, నీ బాధ ఒకటైతే నా బాధ ఇంకొకటి. మా ఇంట్లో ఉర్దూనే మాట్లాడతాం. సినిమా వాళ్లు మమ్మల్ని చూపించారులే అనుకుంటున్నావేమో, అదీ లేదు. వాళ్లు మాట్లాడించేది బొంబాయి హిందీ. మా అమ్మ జన్మలో ‘ఖాకే జావోనా’ అనలేదు. మాది దక్కనీ, అంటే ఇక్కడి ఉర్దూ. వద్దు అంటే ‘నక్కో’, అవును అంటే ‘హౌ’. మధ్యలో తెలుగు మాటలు కావలసినన్ని. కూరగాయల బేరం మొత్తం తెలుగులో చేసి, తిట్టాల్సి వస్తే ఉర్దూలోకి దిగుతుంది మా అమ్మ (బేరం కుదరకపోతే మాత్రమే).

ఆ ‘నక్కో’, ‘హౌ’ తెర మీదికి వస్తే కామెడీకే వస్తాయి, అదీ ఎక్కువగా మగవాళ్ల నోట్లోనే. మా ఆడవాళ్లు ఎంత జోకులేస్తారో సినిమా రాసేవాళ్లకు తెలియదు. పెళ్లిలో ఢోలక్ పెట్టుకుని వియ్యపురాళ్లను ఆడిపోసుకుంటూ పాడే పాటలు ఒక్కటి విన్నా చాలు, మమ్మల్ని మళ్లీ ఏడ్పించరు.

పాత సినిమా పిచ్చోడు:

వయసు డెబ్బై దాటింది, కాస్త పక్కకు పోతే క్షమించండి. 1955లో ‘రోజులు మారాయి’లో ‘ఏరువాక సాగారో’ పాట ఉంది కదా. పొలం పనులు మొదలయ్యాయంటే రేడియోలో అదే. ఆ పాటకు ఆడిన పిల్ల వహీదా రెహమాన్. రైతుబిడ్డ కాదని ఒక్కరైనా అన్నారా? మొన్నమొన్నటి టబు హైదరాబాద్‌లో పుట్టింది. 1996లో ‘నిన్నే పెళ్లాడతా’లో ఆమె పాత్రను ముద్దుగా పండు అని పిలుస్తారు. ఆ పిల్లను మా ఇంట్లో ఆడవాళ్లంతా మా పిల్లే అనుకున్నారు.

అంటే ముస్లిం అమ్మాయి తెలుగుపిల్లగా వేస్తే ఏ గుర్తూ అక్కర్లేదు. ముస్లిం పిల్లగా వేయాల్సి వస్తేనే ఇన్ని సరంజామాలు. ఇది నాకు ఇప్పుడే తట్టింది, మీ ప్రశ్న చదివాక.

దేవుని కడప కుర్రాడు:

అక్కా, మనది ఒకే జిల్లా. ఉగాది రోజు మా గుడికి రా. వెంకటేశ్వరస్వామి బీబీ నాంచారిని పెళ్లాడాడని, ఆయన మా అల్లుడని ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని వస్తారు. బురఖాల్లో వచ్చేవాళ్లుంటారు, చీరకొంగు కప్పుకుని వచ్చేవాళ్లుంటారు. ఆ రోజు టీవీ వాళ్లు కూడా వస్తారు. ‘మతసామరస్యం’ అని ఒక బిట్ వేస్తారు, మళ్లీ ఏడాది దాకా కనపడరు.

ప్రొద్దుటూరు టీచరమ్మ:

తమ్ముడూ, వచ్చాను. మా జేజి నన్ను చంకన వేసుకుని వచ్చేదంట. బీబీ నాంచారి మనింటి ఆడపిల్ల అని చెప్పేది. ఆ కథ చెప్పుకున్న వాళ్లకు ఆమెను తెలుగింటి కోడలిగా ఊహించడం కష్టం కాలేదు మరి.

టీవీ అన్నావు కాబట్టి ఒకటి చెప్తా. 2017 ఆగస్టు 22న ట్రిపుల్ తలాక్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో ఒక సారు ఫోన్లో న్యూస్ పెట్టాడు. వెనక నుంచి తీసిన నాలుగు బురఖాలు నడిచిపోతున్నాయి, ముఖాల్లేవు. కేసు వేసిన షాయరా బానో పేరు నేను చెప్తే గానీ అక్కడ ఎవరికీ తెలియలేదు. తర్వాత అందరూ నా వైపు తిరిగి, “మేడం, మీలో మరి...” అని మొదలుపెట్టారు. పదేళ్లు పక్క కుర్చీలో కూర్చుని టిఫిన్ పంచుకున్న నేను, ఆ పూట ఆ నాలుగు బురఖాల్లో ఒకదాన్ని అయిపోయాను.

2022లో నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు మాత్రం, ఎనిమిదో తరగతి ఆడపిల్లలు పేపర్లో ఫొటో కత్తిరించి నోటు బుక్కు అట్ట మీద అంటించుకున్నారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

డైలాగు కూలీ:

సరే, ఒప్పుకుంటున్నా. ఈసారి పక్కింటావిడ వస్తే హుసేనమ్మ అని పెట్టి చూస్తా. ఉంచుతారో లేదో నా చేతిలో లేదు. ఇంతకీ ఆ షార్ట్ ఫిల్మ్ ఏమైంది?

ప్రొద్దుటూరు టీచరమ్మ:

నేను కాగితం తిరిగిచ్చేశానన్నా. వాడు వేరే ఎవరితోనో చెప్పించి యూట్యూబ్‌లో పెట్టాడు. మా అమ్మకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చూసి, “ఎవరమ్మా ఆయమ్మ, హైదరాబాదు నుంచి వచ్చిందా? పాపం, అంత ఉక్కలో ఆ గుడ్డ తీసేయమని ఒక్కరూ చెప్పలేదా?” అంది.